ఏడో నంబరు ఆటకి సున్నా

మా బావగారు కృపావరం గారితో క్యారమ్స్ ఆడకూడదు. నేను ఆడాను కాబట్టి చెబుతున్నాను. మా అక్క పెళ్ళైన కొత్తలో, బావగారు కదా, సరదాగా ఒక ఆట వేద్దామని కూర్చున్నాను. స్ట్రైకరు ముట్టుకోకముందే ఆయన జేబులోంచి మడత పెట్టిన తెల్లకాగితం తీశారు. మోచెయ్యి బోర్డు దాటకూడదు. కాళ్ళు ఊపకూడదు. ఎదుటివాడి కాయిను పడకపోతే "అబ్బా" అనొచ్చు గానీ "అయ్యో" అనకూడదట, అది వెటకారమట. ఆ రోజు నేను పదకొండు "అయ్యో"లు అన్నానని లెక్కపెట్టి మరీ ఓడించారు. నా కాయిన్లన్నీ పడ్డాయండీ! అయినా ఓడిపోయాను. మా అక్క ప్రసన్నకుమారి వంటింట్లోంచి తొంగిచూసి, "నువ్వు ఒక్క ఆటతో బయటపడ్డావురా జోసెఫూ, నా సంగతి చూడు" అంది.

తాడేపల్లిగూడెంలో ఒక మిషన్ హైస్కూల్లో ముప్పై నాలుగేళ్ళు డ్రిల్లు మేస్టారుగా చేశారాయన. జిల్లాలో ఎక్కడ కబడ్డీ జరిగినా, వాలీబాల్ జరిగినా, మెడలో ఈలతో మా బావగారు ఉండాల్సిందే. రిటైరయ్యాక ఆ ఈల చర్చి వార్షికోత్సవం ఆటల పోటీల మీద పడింది. ఒకసారి స్పూనులో నిమ్మకాయ పందెంలో పాస్టరమ్మ గారు ఫస్టు వచ్చారు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. మా బావగారు ఈల వేసి, నిమ్మకాయకి బొటనవేలు ఆనిందని ఆవిడ్ని పందెంలోంచి తీసేశారు. ఆ తర్వాత మూడు ఆదివారాలు పాస్టరు గారు ప్రసంగంలో కనికరం గురించే మాట్లాడారు. మా బావగారు ముందు వరసలో కూర్చుని, అది తన గురించేనన్న అనుమానం కూడా లేకుండా తలూపుతూ విన్నారు.

ఆయనకున్న గర్వం ఒక్కటే. "ఈల వేశాక వెనక్కి తీసుకోలేదురా నేను, ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా" అంటారు. ఆ మాట మా ఇంట్లో పిల్లలకి కూడా కంఠతా వచ్చు.

నాకు ఏలూరులో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. పన్నెండు సిస్టమ్సు, నాలుగు ఫ్యాన్లు, కరెంటు దయ. రెండేళ్ళుగా విద్యార్థులకి ఆటల పోటీ పెడుతున్నాను. ఆడడం కాదండోయ్, తయారు చెయ్యడం. పది రోజుల్లో ఎవరికి వాళ్ళు కంప్యూటర్లో ఆడుకునే చిన్న ఆట ఒకటి కట్టి తీసుకురావాలి. పోయినేడు నేనే జడ్జిని. ఒకడు తెచ్చిన విమానాల ఆట చూసి మురిసిపోయి ఫస్టు ప్రైజు ఇచ్చేశాను. మర్నాడు తెలిసింది, అది నెట్లోంచి దింపుకుని, విమానానికి నీలం రంగు తీసేసి పసుపు రంగు వేసి పట్టుకొచ్చాడని. మిగతా పిల్లల తల్లిదండ్రులు వచ్చి నా మెట్ల మీద బైఠాయించారు. వారం రోజులు నాకు మెట్లు ఎక్కడానికి మొహం చెల్లలేదు.

అందుకని ఈ ఏడు పోటీకి గట్టి రూల్సు కావాలనుకున్నాను. రూల్సంటే మరెవరండీ? బావగారికి ఫోను చేశాను. విషయం అంతా విని, "ఎన్ని పేజీలు?" అన్నారు.

"బావగారూ, మీకు కంప్యూటర్ ఆటల గురించి కాస్త చెప్పమంటారా?"

"ఏమిట్రా చెప్పేది? ఆటంటే ఆటే. గీత ఉంటుంది. దాటితే ఔటు."

రెండు రోజుల్లో ఇరవై మూడు రూల్సు వచ్చాయి, నీలం సిరాతో, స్కేలు పెట్టి గీతలు కొట్టి. ఆటలో నెత్తురు కనిపించకూడదు, తప్పదంటే ఆకుపచ్చగా ఉండాలి. ప్రతి ఆటకీ ముగింపు ఉండాలి, ఎందుకంటే ఆడేవాళ్ళకి ఇంటి దగ్గర పనులుంటాయి. పోటీదారులు గోళ్ళు కత్తిరించుకుని రావాలి. గోళ్ళకీ కంప్యూటరుకీ ఏం సంబంధమండీ అంటే, "కీబోర్డు ఎవరిది, నీదే కదా?" అన్నారు. ఆ రూలూ ఉంచేశాను.

అందులో కొన్ని మాత్రం నిజంగా ఇనుప రూల్సు. జడ్జికి పోటీదారు పేరు, ఊరు, ఎవరి పిల్లో ఏమీ తెలియకూడదు, ఆటకి నంబరు మాత్రమే ఉండాలి. పోటీ పెట్టినవాళ్ళు జడ్జికి ఆ సంగతులు చెబితే పోటీయే రద్దు. జడ్జి ఆడుతున్నప్పుడు ఆట తయారు చేసినవాళ్ళు పక్కనే నిలబడాలి గానీ నోరు విప్పకూడదు. ఇదేమిటండీ, కొంచెం చెబితే తప్పేమిటి అంటే, "కబడ్డీలో కోచ్ కోర్టులోకొచ్చి కూత పెడతాడా?" అన్నారు. పదిహేనోది అన్నిటికంటే ఘనమైంది. జడ్జి ప్రతి ఆటనీ మూడుసార్లు ఆడతారు, మూడుసార్లూ గెలవలేకపోతే అది లోపమున్న ఆట, దానికి సున్నా.

చివరి రూలు మాత్రం నాది. ఫస్టు వచ్చిన ఆటని ముఖ్య అతిథి స్టేజి మీద, పెద్ద తెర మీద, అందరి ముందూ ఆడాలి. ముఖ్య అతిథి ఎవరంటే ఫణికిరణ్ గారు. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. వాళ్ళ నాన్నగారు పోయాక కొల్లేటి వైపున్న చేపల చెరువులన్నీ ఆయన చేతికొచ్చాయి. ప్రైజుకి లాప్‌టాప్ ఆయనే ఇస్తున్నారు కాబట్టి స్టేజి మీద కాసేపు వెలగనిద్దామని నా ఆలోచన. బావగారు ఆ రూలుని కూడా నీలం సిరాతో ఎక్కించి, కింద సంతకం పెట్టి, నా చేత కూడా పెట్టించారు.

కరపత్రం గోడకి అంటించిన సాయంత్రమే సాయిదుర్గ వచ్చింది. కొల్లేటికోట అమ్మాయి, ఏలూరులో పిన్ని ఇంట్లో ఉండి నా దగ్గర కోర్సు చేస్తోంది. మాట తక్కువ, పని ఎక్కువ. కరపత్రం మీద ఫణికిరణ్ పేరు దగ్గర వేలు పెట్టి, "సార్, గెలిచిన ఆట ఈయన ఆడి తీరాలాండీ? మధ్యలో మానేస్తానంటే?" అంది.

"ఎందుకు మానేస్తారమ్మా? రూలు కదా" అన్నాను.

"అయితే నా పేరు రాసుకోండి."

ఎందుకమ్మా అంత పట్టుదల అనడిగితే అప్పుడు చెప్పింది. వాళ్ళ నాన్న నూకరాజు పద్దెనిమిదేళ్ళు ఫణికిరణ్ వాళ్ళ చెరువు చూసుకున్నాడు. మొన్న వానల్లో వారం రోజులు ముసురు పట్టింది. ఫణికిరణ్ గట్టు మీదకొచ్చి చూస్తే చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. "ఆకలితో మాడుతున్నాయి, మేత బస్తాలు అమ్ముకుంటున్నావా నూకరాజూ?" అన్నాడట, పదిమంది కూలీల ముందు. కాదు బాబూ, ఇప్పుడు మేత వెయ్యకూడదు అంటున్నా వినకుండా, దగ్గరుండి చెరువులో రెట్టింపు మేత సంచులు కట్టించాడు. రెండో రోజు పొద్దుటికి చెరువంతా చచ్చిన చేపలతో తెల్లగా తేలిపోయింది. ఆ నేరం కూడా నూకరాజు మీదే వేసి పనిలోంచి తీసేశాడు. ఇప్పుడు ఊళ్ళో ఎవరింట్లో మేత బస్తా తగ్గినా మా నాన్న వైపే చూస్తున్నారండీ అంది ఆ పిల్ల.

"చెబితే ఎవరూ వినట్లేదు సార్. ఆడితే తెలుస్తుంది. ఆయన చేత్తో ఆయనే ఆడాలి" అంది.

పేరు రాసుకున్నాను. ఏడో నంబరు. ఆ క్షణం నుంచి నేను ఆ సంగతంతా కడుపులో పెట్టుకుని, బావగారి ముందు ఏమీ తెలియనట్టు తిరగాలి. సంతకం పెట్టాను కదండీ మరి.

శుక్రవారం పొద్దున్నే బావగారు పాసింజరు దిగి వచ్చారు. తెల్ల ప్యాంటు, తెల్ల షర్టు, తెల్ల బూట్లు, మెడలో ఈల. "ఈల దేనికండీ?" అన్నాను. "అలవాటు" అన్నారు.

మొత్తం పదకొండు ఆటలు. నాలుగో నంబరు ఆటలో ఆటో తోలుతూ టైములోపు స్టేషనుకి చేరాలి. రోడ్డు మీద సిగ్నల్సున్నాయి గానీ అవి బొమ్మలే, ఆగక్కర్లేదు. మా బావగారు ప్రతి ఎర్రలైటు దగ్గరా ఆగారు. రెండుసార్లు రైలు తప్పిపోయింది. మూడోసారి ఎలాగో అన్నీ పచ్చలైట్లు పడి చేరుకున్నారు. దాన్ని కట్టిన నిరంజన్ పక్కన నిలబడి జుట్టు పీక్కున్నాడు. ఎనిమిదో నంబరు ఇందు అనే అమ్మాయిది, అక్షరాలు కలిపి పదాలు కట్టే ఆట. చక్కగా ఉంది. బావగారికి తెగ నచ్చి ఎనభై ఎనిమిది మార్కులు వేశారు.

ఏడో నంబరు ఆట పేరు "మేత". తెర మీద ఒక చెరువు, గట్టు, ఒక దోనె. నీళ్ళ మీద కట్టిన తాళ్ళకి అడుగున చిల్లులున్న మేత సంచులు వేలాడుతుంటాయి. తవుడూ నూనెగింజల చెక్కా కలిపి వాటిలో నింపితే చేపలు కింద నుంచి పొడుచుకు తింటాయి. ఆడేవాళ్ళు రోజూ దోనె మీద తిరిగి సంచులు నింపాలి, నలభై రోజులకి చేప కిలో తూగితే గెలిచినట్టు. మొదట్లో ఒకే ఒక్క వాక్యం వస్తుంది. "సంచి చూసి మేత వెయ్యండి." అంతే. బావగారు దాన్ని పైకి చదివి, "బాగుంది, క్లుప్తంగా ఉంది" అన్నారు. చదివారు గానీ సంచి చూడలేదు. ఇరవై మూడు రూల్సు రాసిన మనిషి ఒక్క రూలు దాటేశారు.

మొదటి పది రోజులు బాగానే గడిచాయి. పదకొండో రోజు తెర మీద మబ్బు పట్టింది. చేపలు తినక మేత సంచుల్లోనే ఉండిపోయి తాళ్ళు బరువుకి నీళ్ళలోకి వంగాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి.

"అయ్యో పాపం! ఎంత ఆకలో చూడరా" అన్నారు బావగారు. ఆడేటప్పుడు "అయ్యో" అనకూడదన్న రూలు ఆయనకి గుర్తు రాలేదు. సంచులన్నీ నింపేశారు. చేపలు ఇంకా నోళ్ళు తెరిచాయి. ఇంకో పది సంచులు కట్టారు. మా జిల్లా జబ్బే అదండీ. ఇంటికొచ్చినవాళ్ళు విస్తరి మీద చేతులు అడ్డం పెట్టి వద్దు బాబోయ్ అంటుంటే వేళ్ళ సందుల్లోంచి గరిటెడు పప్పు జారవిడిచే జాతి మాది. మా బావగారు ఆ చేపలకి కొసరి కొసరి వడ్డించారు. మర్నాటికి నీళ్ళు చిక్కటి పచ్చరంగుకి తిరిగి చేపలన్నీ వెల్లకిలా తేలాయి.

రెండోసారి మబ్బు పట్టకముందు నుంచే ఎక్కువ వేశారు, ముందు జాగ్రత్తగా. తొమ్మిదో రోజుకే పోయాయి. మూడోసారి ఆయన పళ్ళు బిగించి, ఒక్కొక్క సంచీ నొక్కి నొక్కి నింపారు.

నేను సాయిదుర్గ వైపు చూడలేకపోయాను. చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట, "సంచి చూడండి సార్" అంటే చాలు. అనకూడదు. పెదవి పంటి కింద పెట్టుకుని, కళ్ళు తెర మీద నుంచి తిప్పకుండా, మూడోసారి కూడా చెరువు తెల్లబడేదాకా చూసి, బావగారికి దణ్ణం పెట్టి బయటికి వెళ్ళిపోయింది.

బావగారు మార్కుల కాగితం మీద రాశారు. ఏడో నంబరు, సున్నా. రిమార్కు, "గెలవడానికి వీల్లేని ఆట. తప్పు తయారు చేసినవారిది."

నాకు ఒళ్ళు మండిపోయింది. చేపల్ని చంపింది తను! నేరం ఆ పిల్ల మీద! అప్పుడు గట్టు మీద ఆ ఫణికిరణ్ చేసిందీ అచ్చంగా ఇదే కదండీ! ఆ ముక్క ఆయన మొహాన అనేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. అంటే పోటీ రద్దు. పదకొండు మంది పిల్లల కష్టం గంగపాలు. మింగేశాను.

మధ్యాహ్నం మా ఇంట్లో భోజనానికి కూర్చున్నారు గానీ ముద్ద దిగట్లేదు ఆయనకి. పులుసు కలుపుతూ కలుపుతూ ఆగిపోతున్నారు. "మూడుసార్లు ఓడానురా జోసెఫూ" అన్నారు చివరికి. ఆయనకి ఓటమి అలవాటు లేదు. ముప్పై నాలుగేళ్ళు మధ్యలో నిలబడి ఈల వేసిన మనిషికి ఓడే అవకాశం ఎక్కడిదండీ?

అప్పుడు నాకు తట్టింది. జడ్జికి పేరు చెప్పకూడదని ఉంది. ఊరు చెప్పకూడదని ఉంది. జడ్జిని చేపల చెరువు చూపించడానికి తీసుకెళ్ళకూడదని ఏ రూల్లోనూ లేదు.

"రేపు ఖాళీయే కదా బావగారూ, అలా కొల్లేరు వైపు వెళ్ళొద్దామా? పక్షులొచ్చే రోజులు" అన్నాను. శనివారం పొద్దున్నే బండి మీద ఎక్కించుకుని కొల్లేటికోట తీసుకెళ్ళాను. దారి పొడుగునా ఎడమపక్క ఇండికేటరు ఆపలేదని రెండుసార్లు, మలుపులో హారను కొట్టలేదని మూడుసార్లు చీవాట్లు తిన్నాను.

నూకరాజు ఇప్పుడు ఎవరిదో చిన్న చెరువులో రోజుకూలీకి దోనె తోస్తున్నాడు. నల్లగా, సన్నగా, మొహమాటంగా నవ్వే మనిషి. "నూకరాజు అని, చెరువు పని బాగా తెలిసినాయన" అని మాత్రం చెప్పాను బావగారికి. ఆయన ప్యాంటు మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని దోనెలో కూర్చున్నారు. నీళ్ళ మధ్యకి వెళ్ళాక మొదటి సంచి దగ్గర నూకరాజు దోనె ఆపాడు. మేత వెయ్యలేదు. సంచి అడుగున అరచెయ్యి పెట్టి కాస్త పైకెత్తి చూసి వదిలేశాడు. రెండో దాని దగ్గర కూడా అంతే. మూడోదానికి మాత్రం మేత పోశాడు.

"ఆ రెంటికీ ఎందుకు వెయ్యలేదండీ?" అన్నారు బావగారు.

"నిన్నటిది మిగిలిపోయిందండి. మిగిలిందాని మీద వేస్తే కుళ్ళుద్దండి. నీళ్ళు పాడైపోతాయి."

బావగారు గొంతు సవరించుకున్నారు. "మరి మబ్బు పట్టినప్పుడు చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి కదండీ. ఆకలి కాదా?"

నూకరాజు నవ్వు ఆగిపోయింది. "ఆకలైతే సంచి కాడికి పోతాయండి, నా కాడికెందుకొస్తాయి? నోరు తెరిచాయంటే ఊపిరాడట్లేదని. ఊపిరాడనోడి నోట్లో అన్నం కుక్కితే ఏమవుద్దండీ?"

మా బావగారు ఆ సంచి అడుగున తన చెయ్యి కూడా పెట్టి బరువు చూశారు. ఒకటి, రెండు, ఐదు సంచులు, వరసగా. తెల్లషర్టు మోచేతులదాకా తడిసింది.

తిరిగొచ్చేటప్పుడు ఇండికేటరు గురించీ హారను గురించీ ఒక్క మాట లేదు. నాకు భయమేసి కైకలూరు దగ్గర టీకొట్టు ముందు బండి ఆపాను. గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండా, ఆయన ఒక పాత సంగతి చెప్పారు. ముప్పై ఏళ్ళ కిందట ఆడపిల్లల వాలీబాల్ ఫైనల్. అత్తిలి జట్టు కొట్టిన ఆఖరి బంతి గీత బయట పడిందని ఈల వేశారు. జట్టు ఓడిపోయింది. కెప్టెన్ అమ్మాయి గీత దగ్గరికెళ్ళి సున్నం చెదిరిన చోట వేలు పెట్టి చూపించింది. ఈల వేశాక ఇంకేముంది అని పొమ్మన్నారు. అందరూ వెళ్ళాక వంగి చూస్తే బంతి గీత మీదే పడింది.

"చూసి కూడా ఊరుకున్నానురా. ఈల వెనక్కి తీసుకోలేదని నలుగురూ మెచ్చుకున్నారు. ఆ పిల్ల మొహం నేను మర్చిపోలేదు" అన్నారు. మా బావగారి మీద ఇన్నేళ్ళలో మొదటిసారి జాలేసింది, ఆ వెంటనే బోలెడంత ప్రేమ కూడా వచ్చింది.

ఇన్‌స్టిట్యూట్‌కి రాగానే ఏడో నంబరు తెరవమన్నారు. పదకొండో రోజు మబ్బు పట్టింది. తాళ్ళు వంగాయి. చేపలు నోళ్ళు తెరిచాయి. ఆయన రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చున్నారు, ఎక్కడ వడ్డించేస్తానోనని. నుదుటి మీద చెమట. పన్నెండో రోజు, పదమూడో రోజు, ఒక్క గింజ వెయ్యలేదు. పద్నాలుగో రోజు ఎండ వచ్చింది. చేపలు కిందకి వెళ్ళిపోయాయి. నలభయ్యో రోజు చేప కిలో తూగింది. "గెలిచాను" అని కుర్చీలోంచి లేచి నిలబడిపోయారండీ, అరవై ఆరేళ్ళ మనిషి.

తర్వాత కూర్చుని తొంభై రెండు మార్కులు వేశారు. పదిహేనో రూలు కొట్టేశారు. ఆ కాగితాన్ని నాకు ఇస్తూ, "రేపు నేనే చెప్పాలి, నువ్వు చెప్పకు" అన్నారు. ఫోన్లో మా అక్కకి ఈ సంగతి చెబితే నమ్మలేదు. జ్వరం ఏమన్నా వచ్చిందేమో చూడమంది.

ఆదివారం సాయంత్రం అయిదింటికి ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో షామియానా వేశాం. పిల్లలు, తల్లిదండ్రులు, వంద మందిదాకా. స్టేజి మీద ఫణికిరణ్ మెడలో దండతో కూర్చున్నాడు. నూకరాజు కూడా వచ్చాడు గానీ, స్టేజి మీద ఎవరున్నారో చూసి గేటు బయటే ఆగిపోయాడు. సాయిదుర్గ వెళ్ళి చెయ్యి పట్టుకుని లాగినా లోపలికి రాలేదు.

బావగారు మైకు ముందుకొచ్చి అటెన్షన్లో నిలబడ్డారు. "ఏడో నంబరు ఆటకి శుక్రవారం నేను సున్నా వేశాను" అన్నారు. "మూడుసార్లు ఆడి, మూడుసార్లూ చేపల్ని చంపి, తప్పు తయారు చేసినవారిదని రాశాను. ఆ తప్పు నాది. ఆ సున్నా వెనక్కి తీసుకుంటున్నాను. ఫస్టు ప్రైజు ఏడో నంబరుకి." తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ఆయన పాత శిష్యులిద్దరు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. రెండో స్థానానికి జారిన ఇందు మొహం చిన్నబుచ్చుకుంది, ఆ పిల్లని తప్పుపట్టను. అయినా అందరికంటే ముందు చప్పట్లు మొదలుపెట్టింది తనే.

రూలు ప్రకారం ఫణికిరణ్ ఆటకి కూర్చున్నాడు. పెద్ద తెర మీద చెరువు. "ఓహో, ఇది మన సబ్జెక్టే" అని నవ్వాడు, జనం నవ్వారు. మబ్బు పట్టింది. తాళ్ళు వంగాయి. చేపలు నోళ్ళు తెరిచాయి. అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, సంచుల మీద సంచులు కట్టేశాడు. చెరువు తెల్లబడింది. మళ్ళీ ఆడాడు. మళ్ళీ తెల్లబడింది. మూడోసారి ఇంకా ఎక్కువ సంచులు కట్టాడు, తెర అంచుదాకా చచ్చిన చేపలే. జనంలో నవ్వులు ఆగిపోయాయి.

"ఆటలో ఏదో తప్పుందండీ" అన్నాడు ఫణికిరణ్.

"నేనూ అదే అన్నానండీ" అన్నారు బావగారు, ఎంతో మర్యాదగా. "ఆ చేపలు ఆకలికి నోరు తెరవలేదు. మబ్బులో ఊపిరాడక తెరిచాయి. సంచిలో మిగిలిన మేత చూడకుండా నేను వేస్తూనే పోయాను. మీరూ వేశారు."

ఫణికిరణ్ తెర వైపు చూస్తూ, "ఎవరు కట్టారు ఈ ఆట?" అనడిగాడు.

సాయిదుర్గ మెట్లెక్కి స్టేజి మీదకొచ్చింది. "నేనండి. నూకరాజు కూతుర్ని."

ఆ పేరు వినగానే అతని మొహంలో రంగు మారింది. మా బావగారు నా వైపు తిరిగి చూశారు, నిన్న దోనె తోసిన మనిషి ఎవరో అప్పుడు అర్థమై. నేను తల దించుకున్నాను. ఫణికిరణ్ మెడలో దండ తీసి బల్ల మీద పెట్టాడు. అన్నాడు, నెమ్మదిగా, ముందు వరసకి మాత్రమే వినపడేటట్టు. "నూకరాజు మేత అమ్ముకోలేదు. వద్దంటున్నా ఆ రోజు సంచులు కట్టించింది నేనే."

సాయిదుర్గ మైకు స్టాండు జరిపి అతని నోటి ముందు పెట్టింది. "ఇందులో చెప్పండి సార్. మా నాన్న గేటు బయట ఉన్నారు."

మా బావగారు గబగబా స్టేజి దిగి వెళ్ళి యాంప్లిఫయరు సౌండు పూర్తిగా పెంచారు. ఫణికిరణ్ మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.